లైసెన్సు అక్కర్లేదు, ఎర్త్ అక్కర్లేదని కాదు

కిరాణా డబ్బా ముందు వరుసగా నిలబెట్టిన పెట్రోలు సీసాలు నల్లగొండ జిల్లా పల్లెల్లో అందరూ ఎరిగినవే. బంకు దూరంగా ఉన్న ఊళ్లో బండి ఆగిపోయినవాడికి ఆ సీసాయే ఆపద్బాంధవి. అలా అమ్మకూడదని అమ్మేవాడికీ తెలుసు, కొనేవాడికీ తెలుసు, చూసీ చూడనట్టు పోయే అధికారికీ తెలుసు. ఇప్పుడు ఆ సీసాల పక్కన కొత్త సరుకొకటి చేరింది. గోడకు మేకు కొట్టి వేలాడదీసిన ప్లగ్గు బోర్డు. దాని పైన సుద్దముక్కతో రాత: "ఇచ్చట కరెంటు బండ్లు చార్జింగ్ పెట్టబడును".

కరెంటు ఆటోలు, కరెంటు స్కూటర్లు పల్లెలకు రావడం సంతోషించదగిన విషయమే. పెట్రోలు, డీజిలు ధరలతో నడుము విరిగిన ఆటోవాలాకు అవి ఊరట. అయితే బండి వచ్చినంత వేగంగా దానికి మేత పెట్టే చోటు రాలేదు. ఆ ఖాళీని ఊళ్లోవాళ్లే తమకు తోచినట్టు పూరించుకుంటున్నారు. ప్రమాదమంతా ఆ 'తోచినట్టు'లోనే ఉంది.

నార్కట్‌పల్లి-అద్దంకి రహదారి నుంచి లోపలికి పోయే ఒక మండల కేంద్రంలో ఈ విలేకరి చూసిన సంగతి ఇది. బస్టాండు పక్కన చాయ్ హోటల్. హోటల్ వెనుక యజమాని ఇల్లు. ఆ ఇంటి మీటరు నుంచి సన్నని వైరు ఒకటి రేకుల మీదుగా బయటికి వచ్చింది. దాని చివర ప్లగ్గు బోర్డు, ఆ బోర్డులో మరో బోర్డు. మధ్యాహ్నం వేళ నాలుగు ఆటోలు దానికి తగిలించి ఉన్నాయి. వైరు ముట్టుకుంటే చెయ్యి కాలేంత వేడిగా ఉంది. వర్షాకాలంలో హోటల్ కుర్రవాడు తడి చేతితో ఆటో కడ్డీని పట్టుకుని అల్లంత దూరాన పడ్డాడని అక్కడివారే చెప్పారు. బతికి బయటపడ్డాడు. "ఏం జేయమంటరు సారూ? పెట్రోలుకు అయిదు వందలు పెట్టేటోడు ఇయ్యాల నా కాడికొచ్చి ఎనభై ఇస్తుండు. వద్దంటె ఆడు యాడికి పోవాలె?" అని హోటల్ యజమాని ఎదురు ప్రశ్న వేశాడు.

ఆయన ప్రశ్నలో న్యాయం ఉంది. కాని ఆ కుర్రవాడు బతికింది అదృష్టం వల్ల. అదృష్టాన్ని నమ్ముకుని ఊరు నడవదు.

కళ్ల ముందటి పాఠాలు

బ్యాటరీ బండ్లతో వచ్చే ప్రమాదం ఎంతటిదో మనకు తెలియనిది కాదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు మరణించాడు. అదే నెలలో విజయవాడలో పడకగదిలో పెట్టిన బ్యాటరీ పేలి ఒక కుటుంబ యజమాని చనిపోయాడు. ఆ ఏడాది సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో కరెంటు స్కూటర్ల షోరూం ఉన్న భవనంలో మంటలు రేగి, పై అంతస్తుల లాడ్జిలో ఉన్న 8 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత కేంద్రం బ్యాటరీల పరీక్షా ప్రమాణాలను కఠినం చేసింది. 2022 డిసెంబరు నుంచి, 2023 మార్చి చివరి నుంచి రెండు విడతలుగా అవి అమలులోకి వచ్చాయి.

బండి తయారీకి కఠిన నియమాలు వచ్చాయి సరే. ఆ బండికి కరెంటు ఇచ్చే గోడ సంగతి ఏమిటి? బ్యాటరీ ఎంత మంచిదైనా వైరు సన్ననిదైతే నిప్పు వైరు దగ్గర పుడుతుంది. ఎర్త్ లేకపోతే షాక్ బండి కడ్డీకి వస్తుంది.

ఇంట్లో ఇస్త్రీ పెట్టె, నీళ్ల హీటరు కూడా ఎక్కువ కరెంటే లాగుతాయి కదా అని కొందరు వాదిస్తారు. ఇస్త్రీ పెట్టె పావుగంట నడుస్తుంది, మధ్యలో తనంతట తాను ఆగుతుంది. ఆటో అలా కాదు. మూడు కిలోవాట్ల చొప్పున మూడు, నాలుగు గంటలు ఎడతెగకుండా లాగుతుంది. నాలుగు ఆటోలు ఒకేసారి తగిలిస్తే 12 కిలోవాట్లు. ఊళ్లో 25 కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న చోట దాని బలంలో సగం ఈ ఒక్క గోడకే పోయినట్టు. ఇక ఆ వీధిలో బల్బులు మిణుకుమంటే, ఫ్యాన్లు ఈసురోమంటే ఆశ్చర్యమేముంది? ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే చీకట్లో కూర్చునేది ఊరంతా.

చట్టం ఏమంటున్నది?

ఈ విషయంలో పల్లెల్లో రెండు రకాల అపోహలున్నాయి. చార్జింగ్ కేంద్రం అంటే పెట్రోలు బంకులాంటిదని, లక్షలు పోసి ఢిల్లీ దాకా తిరిగి లైసెన్సు తెచ్చుకోవాలని కొందరు భయపడుతున్నారు. లైసెన్సు అక్కర్లేదు కనుక ఏ నియమమూ లేదని మరికొందరు ధీమాగా ఉన్నారు. రెండూ తప్పే.

బండికి చార్జింగ్ పెట్టడం కరెంటు అమ్మకం కిందికి రాదని, అది ఒక సేవ మాత్రమేనని, కనుక 2003 విద్యుత్ చట్టం కింద లైసెన్సు అవసరం లేదని కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2018 ఏప్రిల్ 13న స్పష్టం చేసింది. అదే ఏడాది డిసెంబరులో మొదటి మార్గదర్శకాలు వచ్చాయి. వాటిని పలుమార్లు సవరించి, 2024 సెప్టెంబరు 17న కొత్త మార్గదర్శకాలు విడుదల చేశారు. నియమాలు పాటించే ఎవరైనా, వ్యక్తి అయినా సంస్థ అయినా, చార్జింగ్ కేంద్రం పెట్టుకోవచ్చు. చాయ్ హోటల్ యజమానీ పెట్టుకోవచ్చు. మహిళా సంఘమూ పెట్టుకోవచ్చు. ఇది మంచి అవకాశం.

అయితే తలుపు తెరిచి ఉంచారంటే గడప లేదని కాదు. సొంత ఇంట్లో సొంత బండికి ఇంటి మీటరు మీదే చార్జింగ్ పెట్టుకోవచ్చు. అందులో దోషం లేదు. డబ్బు తీసుకుని పదిమంది బండ్లకు పెట్టదలిస్తే మాత్రం చార్జింగ్ కేంద్రం కింద వేరే సర్వీసు తీసుకోవాలి. ఇంటి మీటరును దానికి వాడితే, ఇచ్చిన పనికి కాక వేరే పనికి వాడినట్టు లెక్క. విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు ధర వేస్తారు. ఎప్పటి నుంచి వాడుతున్నదీ తేలకపోతే తనిఖీకి ముందు 12 నెలలకు లెక్క కడతారు. ఎనభై రూపాయల ఆశకు ఏడాది రెట్టింపు బిల్లు తల మీద పడితే ఆ హోటల్ మిగులుతుందా?

బోరు మోటారుకు ఇచ్చే ఉచిత కరెంటుతో బండ్లకు చార్జింగ్ పెట్టడం మరీ అన్యాయం. అది పంటకిచ్చిన కరెంటు. స్తంభానికి కొండ్లు తగిలిస్తే అది నేరుగా దొంగతనమే. 135వ సెక్షన్ కింద జైలు శిక్షకూ అవకాశం ఉంది.

నియమం పాటిస్తే నష్టమా?

నియమాలంటే ఖర్చు అని అందరూ అనుకుంటారు. కాస్త లెక్క వేసి చూద్దాం. ఒక ఆటోకు రోజుకు 8 యూనిట్లు అనుకుందాం. నాలుగు ఆటోలకు 32 యూనిట్లు. నెలకు 960 యూనిట్లు. ఇంటి మీటరు మీద ఇన్ని యూనిట్లు కాలితే గృహజ్యోతి కింద వచ్చే 200 యూనిట్ల మాఫీ పోతుంది. ఆపైన శ్లాబు పెరిగినకొద్దీ ధర పెరిగి అన్నిటికన్నా పై మెట్టు చేరుతుంది. చార్జింగ్ కేంద్రాల సర్వీసుకు ఇలాంటి మెట్ల బెడద ఉండరాదనే మార్గదర్శకాల ఉద్దేశం. వాటి ధర ఒకే తీరుగా ఉండాలని, 2028 మార్చి 31 వరకు అది సగటు సరఫరా ఖర్చును మించరాదని 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా, అంటే సూర్యరశ్మి కరెంటు దండిగా ఉండే వేళ, ఆ ఖర్చులో 30 శాతం తగ్గించి, మిగతా వేళల్లో 30 శాతం పెంచాలని కూడా సూచించాయి. తుది ధర నిర్ణయించేది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి.

మన ఆటోవాలాల దినచర్య చూడండి. పొద్దున బడి పిల్లలు, ఆఫీసుల వాళ్లు, కూరగాయల మూటలు. సాయంత్రం మళ్లీ రద్దీ. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఎండకు వేపచెట్టు కింద బండి ఆపి కునుకు తీయడమే. చౌక కరెంటు వేళ, బండి ఖాళీగా ఉండే వేళ ఒకటే. పెట్టేవాడికీ పెట్టించుకునేవాడికీ ఇంతకంటే అనువైన ఏర్పాటు ఏముంటుంది? ఆ లాభం అందేది సరైన సర్వీసు ఉన్నవాడికే.

గోడ మీద ఏముండాలి?

భద్రత విషయంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2019లోనే తన నిబంధనలకు చార్జింగ్ కేంద్రాల కోసం ప్రత్యేక భాగం చేర్చింది. 2023లో వచ్చిన కొత్త భద్రతా నిబంధనలలోనూ వాటికి స్థానం ఉంది. అవన్నీ ఇంగ్లీషులో, ఇంజనీర్ల భాషలో ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి మన ఊరి మాటలో ఇవి.

మొదటిది ఎర్త్. బోర్డులో మూడో రంధ్రం ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. దాని వైరు భూమిలోని గుంత దాకా చేరాలి. మన నేలల్లో ఎండాకాలం వచ్చిందంటే ఎర్త్ గుంత ఎండిపోతుంది. ఉప్పు, బొగ్గు వేసిన గుంతలో అప్పుడప్పుడు నీళ్లు పోయడం మరవరాదు. బోరు మోటార్ల దగ్గర షాక్ కొట్టి పోయిన రైతుల గోడు విన్న ఏ ఊరికీ ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

రెండవది, షాక్ తగిలిన మరుక్షణం కరెంటును కోసేసే స్విచ్చి. దీన్ని ఆర్.సి.సి.బి. అంటారు. కరెంటు పోవలసిన దారిన కాక మనిషి ఒంటి గుండానో మరో దారినో నేలలోకి కారితే అది పసిగట్టి ఆపేస్తుంది. 30 మిల్లీ ఆంపియర్లకు మించకుండా పనిచేసేది పెట్టాలన్నది నియమం. ఆ హోటల్ గోడ మీద ఇదొక్కటి ఉన్నా, కుర్రవాడు అల్లంత దూరాన పడేవాడు కాదు. దీనితో పాటు ఎక్కువ లోడు పడితే విడిపోయే బ్రేకరు ఉండాలి. ఫీజు పోయిందని రాగి తీగ చుట్టే అలవాటు ఇక్కడ పనికిరాదు.

మూడవది, సాకెట్టు నేల నుంచి కనీసం 80 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. వాన నీరు, దుమ్ము లోపలికి పోని పెట్టెలో ఉండాలి. పిల్లలు వేళ్లు పెట్టరు, కోళ్లు, మేకలు వైరు లాగవు.

నాలుగవది, బండికీ సాకెట్టుకూ మధ్య మరో వైరు అతికించరాదు. ఎక్స్‌టెన్షన్ బోర్డు బొత్తిగా నిషేధం. బండిని ఆపే చోటు చార్జింగ్ పాయింటుకు 5 మీటర్ల లోపున ఉండాలి. ఆటో రోడ్డు అవతల, బోర్డు రోడ్డు ఇవతల, మధ్యలో వైరు మీదుగా లారీలు పోయే దృశ్యం ఇక కనిపించరాదు.

అయిదవది, నిప్పు ఆర్పే సాధనం. కరెంటు ఉండగా బకెట్టుతో నీళ్లు గుమ్మరించడం ప్రాణాంతకం. మొదట మెయిన్ ఆపాలి. ఆ మెయిన్ ఎక్కడున్నదో హోటల్ కుర్రవాడికి సైతం తెలిసి ఉండాలి. పెట్రోలు సీసాలున్న డబ్బాకు, గడ్డివాముకు, గ్యాస్ సిలిండరుకు దూరంగా చోటు ఎంచుకోవాలి. సీసాల పక్కనే సాకెట్టు పెట్టినవారు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి.

ఆరవది, కరెంటు ఇవ్వక ముందు పరీక్ష. ఆ తరువాత కూడా నిర్ణీత కాలాలలో పరీక్షలు. చేసిన పరీక్షల కాగితాలు దాచి ఉంచాలి. ప్రమాదం జరిగిన రోజున యజమానిని కాపాడేవి ఆ కాగితాలే.

ఇందులో ఏదీ కొండమీది కోతి కాదు. తెలిసిన ఎలక్ట్రీషియను కొద్ది రోజుల్లో చేయగల పని. హోటల్ ముందు ఫ్లెక్సీకి, రంగుల లైట్లకు పెట్టే ఖర్చు గుర్తు చేసుకుంటే ఇది భారమనిపించదు.

అధికారుల వంతు

పల్లెవాడికి బుద్ధులు చెప్పి ఊరుకుంటే ఈ సంపాదకీయం సగమే రాసినట్టు. తిలాపాపం తలా పిడికెడు.

ఇటీవల మరో మండలంలో ఒక యువకుడు పద్ధతి ప్రకారం చార్జింగ్ కేంద్రం పెట్టాలని ఒక కార్యాలయానికి వెళ్లాడు. అలాంటి సర్వీసు సంగతి తమకు తెలియదని, పై ఆఫీసులో అడగమని అన్నారు. పై ఆఫీసులో కింది ఆఫీసులోనే దరఖాస్తు పెట్టుకోమన్నారు. మూడోసారి తిరిగి విసిగిపోయి ఇంటి మీటరు నుంచే వైరు లాగాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదు. ఇప్పుడు ఆ యువకుడిని తప్పుపట్టాలా, తిప్పినవారిని తప్పుపట్టాలా?

కొత్త సర్వీసుకు దరఖాస్తు పెడితే గ్రామీణ ప్రాంతాల్లో 15 రోజుల్లో ఇవ్వాలని 2024 ఫిబ్రవరిలో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలు చెబుతున్నాయి. కొత్త లైను, ట్రాన్స్‌ఫార్మరు వేయవలసి వస్తే మాత్రం ఇంకొంత గడువు ఉంటుంది. అడిగిన వినియోగదారుడికి చార్జింగ్ కోసం వేరే కనెక్షన్ ఇవ్వాలని కూడా ఆ సవరణలోనే ఉంది. గడువులోగా ఇవ్వకపోతే రోజుకు 1,000 రూపాయల వరకు జరిమానా వేయవచ్చని విద్యుత్ చట్టం 43వ సెక్షన్ చెబుతోంది. పని కాకపోతే 1912 నంబరుకు ఫోను చేయవచ్చు. అక్కడా తెమలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, దాని పైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఈ దారి ఉన్నదని ప్రజలకు చెప్పవలసిన బాధ్యత ఎవరిది?

అందుచేత విద్యుత్ శాఖ వెంటనే మూడు పనులు చేయాలి. ప్రతి సెక్షన్ ఆఫీసు గోడ మీద చార్జింగ్ సర్వీసుకు ఏయే కాగితాలు కావాలో, ఎంత కట్టాలో, ఎన్ని రోజుల్లో ఇస్తారో తెలుగులో రాయించాలి. ఇప్పటికే బోర్డులు పెట్టుకున్నవారికి ఒక గడువు ఇచ్చి, ఆ లోపు పద్ధతిలోకి వచ్చేవారికి చేయూతనివ్వాలి. తొలిరోజే కేసుల పుస్తకం తెరిస్తే బోర్డు మాయమవుతుంది కాని వైరు మాయం కాదు, అది చీకటి పడ్డాక ఇంటి వెనుక వేలాడుతుంది. మూడవది, లైన్‌మన్లకు, ఊళ్లలోని ఎలక్ట్రీషియన్లకు మండల కేంద్రంలో ఒకరోజు శిక్షణ ఇవ్వాలి. నిబంధనలు చదివేది ఇంజనీరైనా, స్క్రూ బిగించేది వారే.

గడువు ముగిసిన తరువాత కూడా పద్ధతికి రానివారి మీద మాత్రం చర్య తప్పదు. అందులో పార్టీ, పలుకుబడి చూడరాదు.

పంచాయతీ వంతు

2024 మార్గదర్శకాలు పట్టణాల్లో 2030 నాటికి ప్రతి కిలోమీటరు గడిలో ఒక కేంద్రం, రహదారుల వెంట ఇరువైపులా ప్రతి 20 కిలోమీటర్లకు ఒకటి ఉండాలని లక్ష్యం పెట్టాయి. హైదరాబాద్-విజయవాడ రహదారి మీద పోయే కార్లకు అది మేలు చేస్తుంది. కాని రహదారి దిగి పది కిలోమీటర్లు లోపలికి పోయే ఆటోకు ఎవరు దిక్కు? ఆ దిక్కు గ్రామ పంచాయతీయే కావాలి.

పంచాయతీ ఆఫీసు ముందో, అంగడి జరిగే చోటో, బస్టాండు దగ్గరో పంచాయతీకి కాస్త జాగా ఉంటుంది. ప్రభుత్వ జాగాను చార్జింగ్ కేంద్రానికి ఇచ్చి, కాలిన ప్రతి యూనిట్‌కు 1 రూపాయి చొప్పున ఆదాయం పంచుకునే పద్ధతిని 2022 మార్గదర్శకాల్లోనే చూపించారు. నిరుద్యోగ యువకుడికో, మహిళా సంఘానికో ఆ జాగా అప్పగిస్తే ఊరికి సౌకర్యం, వారికి ఉపాధి, పంచాయతీకి నాలుగు రూపాయలు. గ్రామసభలో ఒక్క తీర్మానంతో మొదలయ్యే పని ఇది. ధర ఎంతో అందరికీ కనిపించేలా బోర్డు రాయించడం, రాత్రి దీపం వెలిగేలా చూడడం పంచాయతీ షరతుగా పెట్టాలి.

వాహనదారులకు కూడా ఒక మాట. అప్పు చేసి కొన్న బండి మీది. కిస్తీ ఇంకా తీరలేదు. ప్లగ్గు పెట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి: ఎర్త్ ఉందా? షాక్ కొడితే విడిపోయే స్విచ్చి ఉందా? ఈ సర్వీసు చార్జింగ్‌కు తీసుకున్నదేనా? జవాబు లేకపోతే బండి తిప్పుకొని పోండి. పది రూపాయలు తక్కువని కాలిపోయే గోడకు బండిని కట్టేయకండి. నలుగురు తిప్పుకొని పోతే అయిదో రోజుకు ఆ గోడ మీద ఎర్త్ వైరు కనిపిస్తుంది.

పల్లెలకు కరెంటు వచ్చిన తొలినాళ్లలో స్తంభాన్ని ముట్టుకోవడానికి భయపడ్డాం. తరువాత భయం పోయింది. భయంతో పాటు జాగ్రత్త కూడా పోయింది. దాని మూల్యం పొలాల గట్ల మీద ఎందరో రైతులు చెల్లించారు. ఇప్పుడు అదే కరెంటు బండ్ల రూపంలో మళ్లీ మన వాకిట్లోకి వస్తోంది. ఈసారైనా జాగ్రత్తతో మొదలు పెడదాం. ఆ హోటల్ యజమాని మీద కేసు పెట్టించడం ఈ రాత ఉద్దేశం కాదు. వచ్చే వర్షాకాలం నాటికి ఆయన గోడ మీద సొంత చార్జింగ్ మీటరు, దాని పక్కన స్విచ్చి, కింద ఎర్త్ గుంత ఉండాలని, ఆ కుర్రవాడు భయం లేకుండా ఆటోవాలాలకు చాయ్ అందించాలని మాత్రమే కోరుతున్నాం. విద్యుత్ అధికారులు, పంచాయతీ పెద్దలు ఆ మేరకు కదలాలి. వానలు ఎవరి కోసమూ ఆగవు.